చివరి తూము ఆవిడ

నిన్న మధ్యాహ్నం బ్యాంకులో భోజనానికి కూర్చున్నాను. ఎవరో ఒకాయన ఫోన్ చేశాడు. హైదరాబాదు నుంచట. మాట మహా మర్యాదగా ఉంది. "మేడం, మీ ‘వంతు’ వెబ్‌సైటు చూశానండీ. చాలా బాగుంది. కాకపోతే ఒక చిన్న లోపం ఉంది. చనిపోయినావిడ పేరు రోజూ పొద్దున్నే అన్నిటికన్నా పైన కనిపిస్తోంది. చూసేవాళ్ళకి ఎలాగో ఉంటుంది కదండీ. తీసేయించండి. మీవాళ్ళెవరికీ చేతకాకపోతే నేనే తీసిపెడతాను," అన్నాడు.

అన్నం ముందు కూర్చుని కోపం తెచ్చుకోకూడదంటారు. నాకొచ్చింది. రేపు చెబుతానండీ అని పెట్టేశాను. లోపమట! ఆ లోపం కోసం ఒక మనిషి ఉద్యోగంలో ఎన్ని అవమానాలు పడిందో ఈయనకేం తెలుసు? పెరుగన్నం డబ్బాకి మూత పెట్టేశాను.

అది లోపం కాదని చెప్పాలంటే ముందు ఆవిడెవరో చెప్పాలి. పేరు మాత్రం చెప్పను. తన పేరు పదిమందిలో చెప్పుకోవడం ఆవిడకి నచ్చేది కాదు. తప్పదనుకుంటే పొద్దున్నే సైటు తెరిచి పైన చూసుకోండి.

బందరు నుంచి గుడివాడ వెళ్ళే పొద్దుటి ప్యాసింజరులో ఆడవాళ్ళ పెట్టె అంటే ఒక సంసారం. చిక్కుడుకాయలు వలిచేవాళ్ళు, జడలు వేసుకునేవాళ్ళు, కోడళ్ళని తిట్టేవాళ్ళు, అత్తల్ని తిట్టేవాళ్ళు, గిలకలదిండి నుంచి చేపల గంపలతో ఎక్కే నాంచారమ్మ, ఆవిడ గంపకి ఆమడ దూరంలో ముక్కు మూసుకుని కూర్చునే టీచర్లు. నేను గుడివాడలో బ్యాంకు గుమస్తాని, బందరులో ఎక్కుతాను. ఆవిడ పెడనలో ఎక్కేది. గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పని.

ఎక్కగానే ఒళ్ళో స్టీలు క్యారియరు పెట్టుకునేది. దాని మీద అట్ట, అట్ట మీద పాత ల్యాప్‌టాప్. బండి గుడివాడ చేరేదాకా టకటకా కొడుతూనే ఉండేది. ఎంటర్ మీట మాత్రం బొటనవేలితో ఒక్క పోటు పొడిచేది. ఆ పోటుకి కింద క్యారియరు గిన్నెలు ఖంగుమనేవి. "ఏందమ్మా, లోపలున్న పప్పు మీద నీకంత కోపం?" అని నాంచారమ్మ ఎగతాళి చేసేది. ఆవిడ నవ్వేది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలేవి. ‘వంతు’ మొత్తం ఆ పప్పు క్యారియరు మీదే తయారైంది. ఇంట్లో కుదరదు, కాలేజీలో కుదరనివ్వరు. పోనూ రానూ రైల్లో దొరికే కాసేపే ఆవిడ సొంతం.

ఆవిడ చీరలన్నీ పెడన కలంకారీవే. భర్త అక్కడ అద్దకం పని చేస్తారు. అయితే ఒక్క చీరా సరిగ్గా ఉండేది కాదు. ఒకదానిమీద నెమలికి మెడ పక్కకి జరిగిపోయి ఉండేది, ఇంకోదాని కొంగులో లత సగంలో తెగి కిందనుంచి మొదలయ్యేది. చెక్క అచ్చు చెయ్యి జారి పడితే అలా అవుతుందట. అవి బేరం పోవు. ఆయన పక్కన పడేస్తే ఈవిడ కట్టుకొచ్చేసేది. "మంచివి రెండు దాచుకోకూడదూ?" అని నేనంటే, "మంచివి కట్టుకోడానికి ఊరంతా ఉందండీ, వీటికెవరున్నారు?" అనేది.

మొదటిసారి ఆవిడ నోటి దురుసు నేను చూసింది ఒక గుడ్లవల్లేరు పెద్దావిడ దగ్గర. దురుసు అంటే గొంతు పెంచుతుందని కాదు. కోపం ఎక్కువయ్యేకొద్దీ ఆవిడ మాటలో ‘అండీ’లు ఎక్కువయ్యేవి. ఆ పెద్దావిడ పక్కన కూర్చుని ఊరు అడిగింది, ఇంటిపేరు అడిగింది, పుట్టింటివారి ఇంటిపేరూ అడిగింది. అప్పటికీ తేలక, "ఇంతకీ మీరేవిటోళ్ళమ్మా?" అని అసలు ప్రశ్న అడిగేసింది. మా వైపు రైలెక్కితే టిక్కెట్టు అడక్కపోయినా కులం మాత్రం అడుగుతారు.

ఈవిడ తెరమీంచి చూపు తిప్పకుండా, "మాది చివరి తూమండీ," అంది.

"అదేం కులమమ్మా? ఎప్పుడూ వినలేదే!"

"మా వైపు చాలామందే ఉన్నామండీ. మీదాకా రాలేదేమోనండీ."

పెద్దావిడ నా వంక చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను, నవ్వాపుకోలేక.

తర్వాత నాకు విడమర్చి చెప్పింది. ఆవిడ పుట్టిల్లు కృత్తివెన్ను వైపు ఒక పల్లె. కాలువ గట్టుకి నీళ్ళు మళ్ళించే కన్నాన్ని తూము అంటారు కదా. ఎగువ ఊళ్ళ తూములన్నీ తాగాక మిగిలిన తడి వాళ్ళ తూముకి. నీళ్ళు తక్కువైన ఏడాది వంతులు పెడతారు. ఈ వారం ఎగువ తూములు మూసి దిగువకి వదలాలి. మూస్తారా? మూసినట్టే మూసి తలుపు కింద ఇటుక పెడతారు.

"నారు ఎండిపోతుంటే మా నాన్న గట్టు మీద కూచుని ఎగువకి చూస్తుండేవాడు వదినగారూ. నీళ్ళొచ్చినా రాకపోయినా, ఫలానా రోజుకి వస్తాయి, లేదా రావు అని చెప్పే నాథుడు కావాలిగా? ఆ మాట కూడా ఎగువే ఆగిపోయేది," అంది. కళ్ళలో నీళ్ళేం లేవు. ఎంటర్ మీట మీద ఒక్క పోటు పొడిచింది.

అదీ ‘వంతు’ పుట్టుక. మిగతా సైట్లలో ఎక్కువమంది మెచ్చినది పైకి వస్తుంది, గట్టిగా అరిచినవాడు పైకి వస్తాడు. ఆవిడ తలకిందులు చేసింది. చేరేటప్పుడు ఒక్కటే ప్రశ్న: మీది ఏ కాలువ? బందరు కాలువా, పుల్లేరా, బంటుమిల్లి కాలువా, దివిసీమ వైపుదా? ఊరు చెబితే ఆ కాలువలో ఎగువో దిగువో అదే తేల్చుకుంటుంది. చివరి ఊళ్ళవాళ్ళ మాట అందరికన్నా పైన. ఒకసారి మాట్లాడినవాళ్ళు మళ్ళీ మాట్లాడాలంటే అదే కాలువలో ఇంకొకరు మాట్లాడేదాకా ఆగాలి. ఇక అన్నిటికన్నా పైన, రోజూ పొద్దున్నే, ఎన్నాళ్ళుగానో నోరు విప్పని ఒక మనిషి పేరు: ‘ఈ పూట వీరి వంతు’. రాయడం రాకపోతే మాట రికార్డు చేసి పంపొచ్చు.

"ఇది నడవదు," అన్నాను నేను. "మనవాళ్ళు సినిమాహాలు దగ్గరే వరసలో నిలబడరు. ఫోన్లో నిలబడతారా?"

"నిలబడక్కర్లేదండీ. పక్కనోణ్ణి ముందుకి నెడితే చాలు. తన వంతు కోసం నెడతాడండీ, చూడండి."

అన్నట్టే అయింది. గుడ్లవల్లేరులో ఒకాయన ఉన్నాడు. రిటైరైన మనిషి, నోరు ఊరుకోదు. ప్రపంచంలో ప్రతి విషయం మీదా ఆయనకో అభిప్రాయం, అది పొద్దున కాఫీకి ముందే చెప్పాలి. ఒకటి రాశాడు. రెండోది రాయబోతే సైటు ఒప్పుకోలేదు. ‘మీ కాలువలో ఇంకొకరు మాట్లాడాక మీ వంతు.’ ఆయనకి ఊపిరాడలేదు. బావమరిదిని చేర్పించాడు, పాలవాణ్ణి చేర్పించాడు, గుడి దగ్గర పూలమ్మే ఆవిణ్ణి బతిమాలి చేర్పించాడు. "ఏదో ఒకటి రాయండర్రా, నా వంతు రావాలి!" అని వీధంతా తిరిగాడు. అప్పటికీ చాలక చివరికి భార్యనీ చేర్పించాడు. అదీ ఆయన చేసిన పొరపాటు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నోట్లో నాలుక లేదనుకున్న ఆ ఇల్లాలు తన వంతు రాగానే ఆయన గురకతో మొదలుపెట్టింది. కాలువ కాలువంతా పడీ పడీ నవ్వింది. మర్నాడు ఆయన, "దానికి జవాబు చెప్పుకోవాలి, నా వంతెప్పుడు?" అని సైటుకి ఉత్తరం రాశాడు. "మీ ఆవిడగారు ఇంకా పూర్తి చెయ్యలేదేమోనండీ," అని ఈవిడ జవాబు.

అలా పెరిగింది. ప్రకటన లేదు, పాంప్లెట్ లేదు. మాట్లాడాలని దురద పుట్టిన ప్రతివాడూ మాట్లాడని ఇంకొకర్ని వెతికి తెచ్చాడు. లాకులు ఎత్తిన కబురు, తప్పిపోయిన గేదె, అవనిగడ్డ బస్సు ఆలస్యం, అత్తగారి చేపల పులుసు, అన్నీ అందులోకే. నాగాయలంక ఆటో డ్రైవరొకడు పడవ రేవు దగ్గర ఖాళీగా కూర్చుని దివిసీమ కబుర్లు చెబుతుంటే గుడివాడ లాయర్లు చెవులు రిక్కించి వినేవారు. వినక చస్తారా? పైనున్న చివరి ఊరి మాట అయితేగాని కిందున్న తమ మాట రాదాయె.

నాంచారమ్మని చేర్చినరోజు బాగా గుర్తు. "నాకెందుకమ్మా ఇయన్నీ, చేపకీ చదువొద్దు, నాకూ వొద్దు!" అంటూనే ఫోన్ ఇచ్చింది. మీది ఏ కాలువ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాం. గిలకలదిండికి కాలువేమిటి, అక్కడ ఉన్నది సముద్రం.

"మాకు కాలవేందే!" అని నాంచారమ్మ గంప మీద చరిచింది. "మీ కాలవలన్నీ యాడికి వస్తన్నయ్యి? తిరిగి తిరిగి మా కాడికేగా! మీరు తాగింది, కడిగింది, పారబోసింది, అంతా మాకేగా!"

ఆవిడ టైపు చెయ్యడం ఆపేసింది. తర్వాత ఏదో గబగబా మార్చింది. "అయితే నువ్వు అన్ని కాలవలకీ చివర, నాంచారమ్మా. నువ్వు మాట్లాడితే అందరికన్నా పైన నువ్వే," అంది. క్యారియరు ఖంగుమంది. అలా గిలకలదిండి చేపల వేలంపాట కబుర్లు కృష్ణా డెల్టాలో ప్రతి ఇంట్లోనూ మొదట మోగడం మొదలైంది. అక్కడ ఐసు ఎవరు సరిగ్గా వెయ్యట్లేదో, వల ఎవరిది చిరిగిందో అందరికీ తెలిసిపోయేది. నాంచారమ్మ ఠీవి చూడాలి ఆ రోజుల్లో!

ఇక అసలు సంగతికి వస్తాను.

ఒకరోజు సైటులో కృత్తివెన్ను వైపు నుంచి ఒక కొత్త గొంతు వచ్చింది. ఎవరో ఇల్లాలు. భయం భయంగా, వెనక కోళ్ళ అరుపులు వినిపిస్తుండగా చెప్పింది: "మా ఊరి మంచినీళ్ళ కాలవలోకి రొయ్యల చెరువు నీళ్ళు వదులుతున్నారండి. గొట్టం పెట్టి వదులుతున్నారు. పిల్లలకి ఒళ్ళంతా దద్దుర్లు. ఎవరికి చెప్పుకోవాలో తెలీక ఇందులో చెబుతున్నానండి." అంతే. మరో సైటులో అయితే ఆ మాట ఏ మూలో పడి కుళ్ళిపోయేది. ఇక్కడ చివరి ఊరు, మొదటిసారి విప్పిన నోరు. అందరికీ పైన కూర్చుంది. అవనిగడ్డలో విన్నారు, గుడివాడలో విన్నారు. ఊరివాళ్ళ కన్నా ముందు పొరుగు ఊళ్ళవాళ్ళు వెళ్ళి గొట్టం ముందు నిలబడ్డారు.

ఆ చెరువు ఎవరిదనుకున్నారు? ఈవిడ పనిచేసే కాలేజీ కమిటీలో పెద్దమనిషిది.

పిలుపొచ్చింది. "తోడు రండి వదినగారూ, ఊరికే," అంది. నేను మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. ఏసీ గది, పెద్ద బల్ల, బల్ల మీద జీడిపప్పు. పెద్దమనిషి కోపంగా లేడు, అదే నాకు నచ్చలేదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకమని చూడగానే తెలిసింది.

"కూచోమ్మా. నీ తెలివికి ఆ ల్యాబులో ఉండాల్సినదానివి కాదు. నీకో గది ఇస్తాను, మంచి కంప్యూటర్లిస్తాను, కింద ఇద్దరు మనుషుల్నిస్తాను. నీ సైటుని మన కాలేజీ సైటు చేద్దాం. రెండు మార్పులు చెయ్యి చాలు. ఆ గొట్టం గోల తీసెయ్యి. ఈ వంతుల గోల కూడా తీసేసి, ఎక్కువమందికి నచ్చింది పైకొచ్చేట్టు పెట్టు. నేనూ చేరాను తెలుసా? పండక్కి అందరికీ శుభాకాంక్షలు చెప్పాను. ఫొటో కూడా పెట్టాను. ఎక్కడా కనపడదే?"

"మీరు అంతకుముందురోజు కూడా మాట్లాడారండీ. మీది బాగా ఎగువ ఊరండీ. ఇంకా మీ వంతు రాలేదండీ."

‘అండీ’లు పెరుగుతున్నాయి. నేను కుర్చీలో సర్దుకున్నాను.

"ప్రపంచమంతా అలాగే నడుస్తోందమ్మా. పెద్దది పైకొస్తుంది, చిన్నది కిందికి పోతుంది. నువ్వొక్కదానివి ఎదురీదుతావా?"

"నీళ్ళు కూడా అలా వదిలేస్తే ఎగువోళ్ళకేనండీ. అందుకే గదండీ పెద్దలు వంతులు పెట్టిందండీ."

ఆయన జీడిపప్పు పళ్ళెం ఇటు జరిపాడు. "ఆవేశపడకు. రేపటికల్లా నే చెప్పినట్టు మార్చేస్తావు కదూ?"

ఆవిడ లేచి నిలబడింది. ఆరోజు కట్టుకున్నది మెడ జరిగిన నెమలి చీర. చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "అలాగేనండీ," అంది.

పెద్దమనిషి మొహం విప్పారింది. ఇంతేనా అనుకున్నాను నేను.

"చెయ్యనండీ," అంది.

ఆ రెండో మాట ఆయన చెవికి చేరడానికి కాస్త సమయం పట్టింది. చేరేసరికి మేం వరండాలో ఉన్నాం. అదీ ఆవిడ పద్ధతి. రైల్లో కిటికీ సీటు ఇమ్మని దబాయించినవాళ్ళకీ అదే, ఆడపడుచుకీ అదే, సైటు అమ్మమని బెజవాడ నుంచి వచ్చిన కుర్రాళ్ళ కంపెనీకీ అదే. అలాగేనండీ. చెయ్యనండీ. మర్యాదకి మర్యాద, మొండితనానికి మొండితనం.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ వారంలోనే ఆవిణ్ణి ల్యాబులోంచి తీసి హాస్టలు వంటింటి సామాన్ల గదిలో పడేశారు. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, ఒక తక్కెడ. నాకు ఒళ్ళు మండిపోయింది. రైల్లో అందరూ వింటుండగానే, "నేనొస్తాను రేపు, ఆయన్ని నిలబెట్టి నాలుగు కడిగేస్తాను!" అన్నాను.

"ఆగండి వదినగారూ. మీ వంతు కాదు."

"మరి నా వంతెప్పుడు?"

"వస్తుందిలెండి," అని క్యారియరు మీద అట్ట సర్దుకుంది. "అక్కడ ఎలకలు ఎంత పద్ధతిగా ఉంటాయో తెలుసా? ఒకటి తిని వెళ్ళాకే ఇంకోటి వస్తుంది. కమిటీవాళ్ళ కన్నా నయం."

కృత్తివెన్ను గొట్టం మాత్రం అక్కణ్ణుంచి లేచిపోయింది. ఆ సంగతి మొదట చెప్పింది ఆ ఇల్లాలే. ఈసారి గొంతులో భయం లేదు. ఆ మాట వింటూ ఆవిడ భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలీలేదు.

మొన్న వానాకాలంలో ఆవిడ జ్వరమని నాలుగు రోజులు రైలెక్కలేదు. ఐదోరోజు పెడనలో బండి ఆగితే ఆవిడ భర్త ఒక్కరే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. చేతివేళ్ళకి అద్దకం రంగు. కిటికీలు వెతుక్కుంటూ వచ్చి, "మీకు చెప్పాలి గదా అని వచ్చానండి," అన్నారు. బండి కదిలింది. నాంచారమ్మ పెట్టిన శోకం నా చెవుల్లో ఇంకా ఉంది. నాకు మాత్రం ఆవిడ మీద కోపం వచ్చింది, నిజంగా. వంతు లేకుండా ఎలా వెళ్ళిపోతుంది? వరస అంటూ ఒకటి ఉండాలి కదా!

కాలేజీలో సంస్మరణ సభ పెట్టారు. బియ్యం బస్తాల మధ్య కూర్చోబెట్టినవాళ్ళే బంతిపూల దండ తెచ్చారు. ఫ్లెక్సీ మీద ఆవిడ బొమ్మ కన్నా పెద్దమనిషి బొమ్మ పెద్దది. వేదిక మీద కుర్చీలన్నీ నిండాయి. కింద మాత్రం వాళ్ళు ఊహించని జనం. దివిసీమ నుంచి ఆటోల్లో వచ్చారు, బంటుమిల్లి నుంచి వచ్చారు, గుడ్లవల్లేరు దంపతులు వచ్చారు. ఎవరూ పిలవలేదు. మాట అందింది, వచ్చారు.

మైకు దగ్గర ఒకాయన గొంతు సవరించుకుని, "ముందుగా మన గౌరవనీయులు..." అంటూ పెద్దమనిషిని పిలిచాడు. ఆయన లేచాడు.

"ఆగండి బాబూ!"

హాలంతా వెనక్కి తిరిగింది. చివరి వరసలో నాంచారమ్మ. గంప బయట పెట్టి వచ్చింది కాబోలు, తలమీద చుట్టకుదురు తీయడం మరిచిపోయింది. "తమరు ఎగువోళ్ళు. కూసోండి. మా వంతు అయినాక మాట్టాడుదురు."

మైకాయన ఏదో అనబోయాడు. అప్పటికే దారిచ్చేశారు. నాంచారమ్మ మైకుని చేపని పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది.

"నాకు కాలవ లేదంటే ఆయమ్మ నన్ను అందరికన్నా చివరాకర్న పెట్టింది. చివరాకర్న పెట్టి ముందర నిలబెట్టింది. మా ఇంట్లో నా మొగుడు కూడా నన్ను ముందు మాట్టాడనిచ్చింది లేదు. అంతే నేను చెప్పేది." దిగిపోయింది.

తర్వాత కృత్తివెన్ను ఇల్లాలు. పెద్దమనిషి ఎదురుగానే గొట్టం సంగతి చెప్పింది, వేలు చూపించలేదు, అక్కర్లేకపోయింది. తర్వాత నాగాయలంక ఆటో అబ్బాయి. తర్వాత కోడూరు, బంటుమిల్లి, పెడన. ఎవరూ వరస చెప్పలేదు. ఎవరి ఊరు ఎక్కడో వాళ్ళకి తెలుసు, లేచి వచ్చారు. గుడ్లవల్లేరు వాళ్ళలో ఇల్లాలు ముందు మాట్లాడింది, ఆయన చేతిసంచి పట్టుకుని నిలబడ్డాడు. వేదిక మీదవాళ్ళు మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నారు.

చివరికి పెద్దమనిషి వంతు వచ్చింది. పాపం, రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉంచేసి సూటిగా విషయానికి వచ్చాడు. "ఆ మహాతల్లి పేరు నిలబడాలి. సైటు బాధ్యత మన కాలేజీ తీసుకుంటుంది. ఆధునికంగా మారుస్తాం. దాని పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు ఇప్పుడే, ఈ వేదిక మీదే, మనకి అప్పగిస్తే..."

ఆవిడ భర్త నా వంక చూశారు. నాంచారమ్మ నా వంక చూసింది. సైటులో తప్పుడు కూతలు కూసేవాళ్ళని ఏరి తీసే పని ఆవిడ నాకూ గుడ్లవల్లేరు ఇల్లాలికీ ఎప్పుడో నేర్పింది. తాళాలు మా ఇద్దరి దగ్గరే ఉన్నాయి. మా బ్యాంకులో అతి పెద్ద ఖాతా ఆయనదే, మా మేనేజరు వేదిక మీదే ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, వస్తుందిలెండి అన్న మాట.

లేచి నిలబడి చేతులు కట్టుకున్నాను.

"అలాగేనండీ," అన్నాను. పెద్దమనిషి చెయ్యి చాపాడు. "ఇవ్వనండీ."

వెనక వరసలో ఎవరో ఈల వేశారు. సంస్మరణ సభలో ఈలేమిటి అనకండి. ఆవిడ ఉంటే భుజాలు కదిలేలా నవ్వేది. మేనేజరు ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు. మాట్లాడనీ, ఆయన వంతు ఆయనది.

సైటు నడుస్తోంది. నేను పొద్దుటి బండిలో చూస్తాను, గుడ్లవల్లేరు ఇల్లాలు మధ్యాహ్నం చూస్తుంది. క్యారియరు ఆవిడ భర్త నాకిచ్చారు. ఎంటర్ మీద ఆ పోటు నాకింకా రాలేదు.

ఆవిడ పోయిన కొన్నాళ్ళకి ఒక పొద్దున పెడన దాటుతుండగా తెర తెరిచాను. పైన, ఆవిడ పేరు. ‘ఈ పూట వీరి వంతు.’ ముందు ఏదో పొరపాటనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆవిడ పెట్టిన సూత్రమే అది. ఎన్నాళ్ళుగానో మాట్లాడనివాళ్ళ పేరు పైకి రావాలి. ఇకమీదట ఆవిడ కన్నా మౌనంగా ఉండేవాళ్ళెవరు? రోజూ ఆవిడ వంతే.

"ఏందమ్మా, ఏడుస్తన్నావా?" అంది నాంచారమ్మ. చూపించాను. చదవడం రాదు, నేనే చెప్పాను. గంప మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడి పెట్టెంతా వినేలా అరిచింది: "ఒసేయ్, ఇయ్యాల ఆయమ్మ వంతంట! కాసేపు నోరు మూసుకోండే!"

మూసుకున్నారు. చిక్కుడుకాయలు ఆగాయి, కోడళ్ళ మీద తిట్లు ఆగాయి. కౌతవరం వచ్చేదాకా ఆ పెట్టెలో చక్రాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ముక్కు మూసుకునే టీచరు కూడా చెయ్యి తీసేసి కూర్చుంది. ఇప్పుడు రోజూ అంతే. పెడన నుంచి కౌతవరం దాకా ఆవిడ వంతు. కొత్తగా ఎక్కినవాళ్ళు ఏమిటని అడిగితే నాంచారమ్మ వేలు పెదవి మీద పెట్టి చూపిస్తుంది.

ఇవాళ పొద్దున కౌతవరం దాటాక ఆ హైదరాబాదు ఆయనకి నేనే ఫోన్ చేశాను. "నిన్న ఒక లోపం గురించి చెప్పారు కదండీ," అన్నాను.

"అవునండీ, ఆ పేరు. తీసేస్తారా మేడం?"

"అలాగేనండీ."

"థాంక్యూ మేడం! మీరు అర్థం చేసుకుంటారని నాకు..."

"తియ్యనండీ," అన్నాను.